మునీం, సీఏ... ఆ తర్వాత ఎవరు?

మన పత్రికలో కథలు, కవితలు, సినిమా ముచ్చట్లు బాగానే వస్తుంటాయి. ఈసారి కొంచెం పైసల ముచ్చట పెడదామనిపించింది. ఇది ఎంబీఏ వాళ్ల గోల, మనకెందుకు అని కిందికి స్క్రోల్ చేసేయకండి. మన బ్యాచ్‌నే ఒకసారి చూడండి. ఒకరింట్లో రైస్‌మిల్లు, ఒకరింట్లో పసుపు వ్యాపారం, ఇంకొకరింట్లో విత్తనాల దుకాణం. హాస్టల్లో ఇద్దరు ముగ్గురైతే స్టార్టప్‌కి లోగో కూడా గీయించుకున్నారు. వీళ్లందరి ముందుకూ ఏదో ఒక రోజు ఒకటే ప్రశ్న వస్తుంది. వ్యాపారం పెరిగింది, లెక్కలు చెయ్యి దాటిపోతున్నాయి. ఫైనాన్స్ చూసుకోవడానికి ఒక పెద్ద మనిషిని జీతం మీద పెట్టుకోవాలా, వద్దా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల ఉన్న చిన్న వ్యాపారాల్లో ఎక్కువ వాటికి పూర్తికాలం ఫైనాన్స్ డైరెక్టర్ అక్కర్లేదు. కానీ ఆ మనిషి చేసే పని మాత్రం తప్పకుండా కావాలి. ఆ పని చాలా చోట్ల ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. "సీఏ గారు ఉన్నారు కదా, చూసుకుంటారు" అనే ఒక్క మాటతో ఆ ఖాళీ ఎవరికీ కనబడకుండా పోతోంది.

ముగ్గురు మనుషులు, మూడు పనులు

ముందు ఎవరేం చేస్తారో విడదీసుకుందాం. పాత రోజుల్లో గంజ్‌లో ప్రతి దుకాణానికీ ఒక మునీం ఉండేవాడు. ఇప్పుడు ఆ కుర్చీలో ట్యాలీ తెలిసిన అకౌంటెంట్ కూర్చున్నాడు. పేరు మారింది కానీ పని పెద్దగా మారలేదు. నిన్న ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరు ఉద్దెర తీసుకున్నారు అనేది రాసిపెట్టడం. దాంతో పాటు నెలనెలా రిటర్నుల కోసం వివరాలు సిద్ధం చేయడం. 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బి.

రెండో మనిషి సీఏ. ఆయన ఆడిట్ చేస్తారు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేస్తారు, నోటీసు వస్తే జవాబు రాస్తారు. ఆయన చూసేది ఎక్కువగా గడిచిపోయిన సంవత్సరం. ఒక్క వ్యాపారమే కాదు, ఆయన చేతిలో అలాంటివి యాభయ్యో వందో ఉంటాయి. మార్చిలో మీ బ్యాంకు ఖాతాలో ఎంత మిగులుతుందో ఆయన నవంబర్‌లో కూర్చొని ఆలోచించరు. ఆ పని మీరు ఆయనకు ఇవ్వలేదు, దానికి ఫీజూ కట్టలేదు.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, దాని చట్టబద్ధ ఆడిటరే ఆ కంపెనీకి లెక్కలు రాసిపెట్టడం, మేనేజ్‌మెంట్ పనులు చూడటం 2013 కంపెనీల చట్టంలోని 144వ సెక్షన్ ఒప్పుకోదు. తన పనిని తానే తనిఖీ చేసుకోకూడదన్నది దాని ఉద్దేశం. కాబట్టి "సీఏ గారే అంతా చూస్తారు" అనేది అలాంటి కంపెనీలో ఆడిటర్ గురించి అనగలిగే మాటే కాదు.

మూడో మనిషి ఫైనాన్స్ డైరెక్టర్. బ్రిటన్‌లో ఆ పేరు, అమెరికాలో సీఎఫ్ఓ. ఈయన చూపు రేపటి మీద ఉంటుంది. వచ్చే మూడు నెలల్లో ఏ వారం డబ్బు బిగుసుకుంటుంది? కొత్త మిషన్‌కి ఏ లోన్ తీసుకోవాలి? ఏ సరుకు మీద నిజంగా మిగులుతోంది, దేని మీద చేతి నుంచి పోతోంది? ఏ పార్టీకి ఇక ఉద్దెర ఆపాలి? చివరి ప్రశ్న అన్నిటికన్నా కష్టం. ఎందుకంటే ఆ పార్టీ యజమానికి ఇరవై ఏళ్ల దోస్తు అయ్యుంటాడు.

చట్టం మాటకొస్తే, పూర్తికాలం సీఎఫ్ఓ తప్పనిసరి అయ్యేది లిస్టెడ్ కంపెనీలకు, 10 కోట్లు లేదా అంతకు మించి చెల్లింపు మూలధనం ఉన్న పబ్లిక్ కంపెనీలకు. మన ఊళ్లలో ఉండే సొంత దుకాణాలు, భాగస్వామ్య సంస్థలు, చిన్న ప్రైవేట్ లిమిటెడ్‌లకు ఆ బలవంతం లేదు. అంటే ఇది పూర్తిగా మన అవసరాన్ని బట్టి తీసుకోవాల్సిన నిర్ణయం.

చెరకు, పసుపు చెప్పే లెక్క

"లాభం వస్తోంది కదా, ఇంకేం కావాలి" అని అడిగేవాళ్లకు మన జిల్లా పంటలే జవాబు చెబుతాయి.

చక్కెర ఫ్యాక్టరీ సంగతి చూడండి. చెరకు ఆడేది చలికాలం చుట్టూ నాలుగైదు నెలలు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో రైతుకు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం లెక్కన వడ్డీ కూడా. కానీ తయారైన చక్కెర అమ్ముడయ్యేది ఏడాది పొడవునా. డబ్బు పోయేది కొన్ని నెలల్లో, తిరిగొచ్చేది పన్నెండు నెలల్లో. ఈ మధ్య దూరాన్ని బ్యాంకు అప్పుతో దాటాలి. కాగితం మీద లాభం ఉన్న ఫ్యాక్టరీ కూడా ఆ దూరం దాటలేక రైతులకు బాకీ పడొచ్చు.

పసుపు వ్యాపారం ఇదే లెక్క, కాకపోతే చిన్న సైజులో. నిజామాబాద్ శ్రద్ధానంద్ గంజ్‌కి కొత్త పసుపు జోరుగా వచ్చేది జనవరి చివర నుంచి ఎండాకాలం దాకా. పొడి పట్టి అమ్మే యూనిట్ ఆ కొద్ది నెలల్లోనే ఏడాదికి సరిపడా కొమ్ములు కొని పెట్టుకోవాలి. కొన్నదానికి డబ్బు వెంటనే పోతుంది. పొడి మాత్రం ఏడాదంతా, అదీ ఎక్కువగా ఉద్దెర మీద పోతుంది. ఏప్రిల్‌లో గోదాము నిండుగా ఉంటుంది, బ్యాంకు ఖాతా ఖాళీగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి "అన్నా, కొత్త పాలిషర్ మిషన్ చవకగా దొరుకుతోంది" అంటారు. క్యాష్ క్రెడిట్ లిమిట్‌లో ఇంకొంచెం మిగిలుంది కదా అని అందులోంచి తీసి కొనేస్తారు.

తప్పు జరిగేది ఇక్కడే. క్యాష్ క్రెడిట్, అంటే మన భాషలో సీసీ, సరుకు కొని అమ్మి మళ్లీ నింపడానికి బ్యాంకు ఇచ్చే తాత్కాలిక డబ్బు. మిషన్ తన ఖరీదు తిరిగి తేవడానికి ఐదారేళ్లు పడుతుంది. సీసీ డబ్బు మిషన్‌లో ఇరుక్కుంటే వచ్చే సీజన్‌లో కొమ్ములు కొనడానికి డబ్బు ఉండదు. మిషన్ మంచిదే, కొనాల్సిందే కావచ్చు. దానికి టర్మ్ లోన్ తీసుకోవాల్సింది. ఈ తేడా మునీంకి తెలిసినా సేటుకి చెప్పే చనువు ఉండదు. సీఏకి తెలుసు, కానీ మిషన్ కొన్న సంగతి ఆయనకు తెలిసేది మరుసటి ఏడాది ఆడిట్‌లో.

యార్డులో బస్తాలు ఎవరివి?

ఇక రైస్‌మిల్లు. బోధన్, వర్ని, నిజామాబాద్ చుట్టూ మిల్లులు ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు. వీటిలో చాలా మిల్లులు ప్రభుత్వం కొన్న వడ్లను పట్టిస్తాయి. దీన్నే కస్టమ్ మిల్లింగ్, సీఎంఆర్ అంటారు. క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. మిల్లుకు మిల్లింగ్ చార్జీ వస్తుంది, తవుడు, నూకలు, ఊక మిగులుతాయి.

ఇందులో కిటుకు ఏంటంటే, యార్డులో కొండలా కనబడే బస్తాల్లో చాలా భాగం మిల్లువి కావు. అవి సర్కారు వడ్లు. సొంతంగా కొన్న వడ్లు, సర్కారు వడ్లు ఒకే ఆవరణలో పక్కపక్కనే ఉంటాయి. లెక్క ఖచ్చితంగా విడదీసి పెట్టకపోతే యజమానికి తన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. అనిపించడం దగ్గర ఆగితే పర్లేదు. ఆ బియ్యం బయట అమ్మి "తర్వాత సర్దుదాం" అనుకుంటే అది వ్యాపార నష్టంతో పోదు, కేసు దాకా వెళ్తుంది.

ఇంకోటి, యాసంగి వడ్లు. ఎండలకు గింజలో పగుళ్లు వచ్చి, పచ్చి బియ్యం పట్టిస్తే నూకలు ఎక్కువ అవుతాయి. మన దగ్గర ఉప్పుడు బియ్యం ఎక్కువగా పట్టడానికి అదో కారణం. మరి ఈ సీజన్‌లో ఎంత సర్కారు వడ్లు తీసుకుంటే మనకు గిట్టుబాటు? నూకల రేటు, తవుడు రేటు, కరెంటు బిల్లు, హమాలీ అన్నీ కలిపి చూస్తే క్వింటాల్‌కి మిగిలేది ఎంత? ఈ లెక్క వడ్లు దింపుకోక ముందే వేసుకోవాలి. మన థర్మోడైనమిక్స్ భాషలో మాస్ బ్యాలెన్స్, ఎనర్జీ బ్యాలెన్స్ లాంటిదే ఇది. లోపలికి వెళ్లిందంతా ఎక్కడో ఒక చోట బయటికి లెక్కకు రావాలి.

బోధన్ 2017

ఇప్పుడు మన ప్రాంతానికి అసలు పెద్ద పాఠం. 2017లో బోధన్ వాణిజ్య పన్నుల కార్యాలయం కేంద్రంగా నకిలీ చలానాల కుంభకోణం బయటపడింది. అప్పటికి ఇంకా జీఎస్టీ రాలేదు, వ్యాట్ కాలం. వ్యాపారుల తరఫున పన్ను పనులు చూసే మధ్యవర్తులు, వాళ్లకు సహకరించిన కొందరు ఉద్యోగులు కలిసి ఒక వ్యాపారి కట్టిన చలానాని వేరే వ్యాపారుల ఖాతాల్లో కూడా చూపించారన్నది ఆరోపణ. ఖజానాకు చేరాల్సిన కోట్ల రూపాయలు చేరలేదన్నారు. కేసు సీఐడీకి వెళ్లింది, అరెస్టులు జరిగాయి.

ఎవరు దోషులో తేల్చాల్సింది కోర్టులు, మనం కాదు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. అలాంటి మోసం సాగడానికి ఏం కావాలి? పన్ను డబ్బు కట్టామా లేదా అని వ్యాపారి తన కళ్లతో ఒక్కసారీ చూసుకోని పరిస్థితి కావాలి. లెక్కలు, చలానాలు, ఆఫీసు పని మొత్తం బయటి మనిషి చేతిలో పెట్టి "అంతా ఆయనే చూసుకుంటాడు" అని నిశ్చింతగా ఉండే అలవాటు కావాలి. పని బయటివాళ్లకు ఇవ్వడంలో తప్పు లేదు, ఎవరైనా ఇస్తారు. కట్టిన డబ్బు చేరిందో లేదో తెలుసుకునే బాధ్యత కూడా వాళ్లకే ఇచ్చేయడం తప్పు.

ఈ రోజుల్లో అంతా ఆన్‌లైన్ కదా, అలా జరగదు అంటారా? అయితే ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఒకటి అడగండి: "బాపు, మన జీఎస్టీ ఓటీపీ ఎవరి ఫోన్‌కొస్తది?" చాలా ఇళ్లలో ఆ నంబరు, ఆ ఈమెయిల్ కన్సల్టెంట్‌వే. పోర్టల్‌లో మన క్యాష్ లెడ్జర్ మనమే చూసుకోవచ్చు, ఏ నెల ఎంత కట్టారో నిమిషంలో తెలిసిపోతుంది. కానీ లాగిన్ మన దగ్గర ఉండాలి కదా! ఇంకో విషయం కూడా: సరుకు అమ్మినవాడు తన రిటర్నులో మన బిల్లు చూపించకపోతే మనకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మనం అతనికి డబ్బు ఇవ్వకపోయినా తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. ఇవన్నీ నెలనెలా ఎవరో ఒకరు యజమాని పక్షాన కూర్చొని చూడాల్సినవి.

ఒక చిన్న బ్రేక్-ఈవెన్

సరే, ఇంజనీర్లం కదా, అంకెలు వేద్దాం. కింద అంకెలన్నీ లెక్క కోసం నేను అనుకున్నవి, మీరు మీ ఇంటి అంకెలు పెట్టి చూసుకోండి.

ఒక పసుపు పొడి యూనిట్ ఏడాదికి 6 కోట్ల అమ్మకాలు చేస్తోంది. పార్టీల నుంచి డబ్బు రావడానికి సగటున 75 రోజులు పడుతోంది. రోజుకు 1.64 లక్షల అమ్మకం అనుకుంటే, ఎప్పుడు చూసినా 1.23 కోట్లు బయట ఉద్దెరలో ఉన్నట్టు. గట్టిగా వెంటపడి దాన్ని 45 రోజులకు దించితే 49 లక్షలు చేతికొస్తాయి. సీసీ మీద 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 5.4 లక్షల వడ్డీ మిగులుతుంది.

నెలకు లక్షన్నర జీతంతో పూర్తికాలం ఫైనాన్స్ మనిషిని పెట్టుకుంటే ఏడాదికి 18 లక్షలు. 5.4 లక్షల కోసం 18 లక్షలు పెట్టడం ఎవరూ ఒప్పుకోరు. కానీ నెలకు రెండు మూడు రోజులు వచ్చి కూర్చునే అనుభవజ్ఞుడికి 30 వేలు ఇస్తే ఏడాదికి 3.6 లక్షలే. అప్పుడు గిట్టుబాటు అవుతుంది. అదే వ్యాపారం 40 కోట్లదైతే 30 రోజుల తేడా మీద విడుదలయ్యేది దాదాపు 3.29 కోట్లు, వడ్డీలో మిగిలేది 36 లక్షలు. అక్కడ పూర్తికాలం మనిషి తన జీతం తనే తెచ్చుకుంటాడు. ఈ లెక్కన బ్రేక్-ఈవెన్ సుమారు 20 కోట్ల దగ్గర.

ఇందులో ఒక బలహీనత ఉంది, అదీ చెప్పాలి. 30 రోజులు దించడం అనేది ఆశావాదం. 15 రోజులే దించగలిగితే బ్రేక్-ఈవెన్ 40 కోట్లకు పోతుంది. 6 కోట్ల యూనిట్‌లో మిగిలేది 2.7 లక్షలే, అంటే పార్ట్‌టైమ్ మనిషి ఖర్చు కూడా ఈ ఒక్క పనితో రాదు. ఇంకోవైపు ఒక్క తప్పు లోన్, ఒక్క మునిగిపోయే పార్టీ, ఒక్క టాక్స్ నోటీసు తప్పించినా ఆ ఖర్చు రెండు మూడేళ్లకు సరిపోతుంది. దాన్ని ముందుగా అంకెల్లో పెట్టలేం.

అందుకే టర్నోవర్ ఒక్కటే చూసి నిర్ణయించడం నాకు సరైనదనిపించదు. నగదు మీద అమ్మే 25 కోట్ల కిరాణా హోల్‌సేల్ ఒక మంచి అకౌంటెంట్‌తో హాయిగా నడవొచ్చు. 8 కోట్ల మిల్లు, దానికి సీసీ, టర్మ్ లోన్, సర్కారు వడ్లు, బ్యాంక్ గ్యారంటీ, పైగా ముగ్గురు అన్నదమ్ముల వాటాలు ఉంటే దానికి సలహా చాలా ఎక్కువ కావాలి. వ్యాపారం ఎంత పెద్దదని కాకుండా ఎంత చిక్కుముడి పడిందని అడగాలి.

పేరు పెడితే సరిపోతుందా?

ఇప్పుడు నా వాదనకు ఎదురొచ్చే ఉదాహరణలు. మన కళ్ల ముందే శక్కర్‌నగర్ ఉంది. నిజాం కాలంలో 1937లో పుట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ ప్రకటించారు, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు దాకా వచ్చింది. 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అంత పెద్ద సంస్థలో బోర్డులకు, ఆడిట్‌కు, ఫైనాన్స్ తెలిసినవాళ్లకు కొదవ ఉండదు. చెరకు విస్తీర్ణం తగ్గిపోయి రైతులు వరికి మళ్లితే, యాజమాన్యం సంగతి ఎటూ తేలకుండా ఉంటే, ఎంత మంచి ఫైనాన్స్ డైరెక్టర్ అయినా గానుగలోకి చెరకు తేలేడు. వ్యాపారానికే మూలం ఎండిపోతుంటే లెక్కలు ఆ సంగతి ముందుగా చెబుతాయి, అంతవరకే.

రెండోది సత్యం. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖలో లేని నగదు, బ్యాంకు నిల్వల కింద 5,040 కోట్లు చూపించామని ఒప్పుకున్నారు. అక్కడ సీఎఫ్ఓ ఉన్నాడు, అంతర్జాతీయ పేరున్న ఆడిట్ సంస్థ ఉంది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసినవాళ్లలో ఆ సీఎఫ్ఓ కూడా ఒకడు. యజమాని ఏది చెబితే దానికి తల ఊపే మనిషిని లక్షల జీతమిచ్చి పెట్టుకున్నా, అసలు పెట్టుకోకపోయినా ఫలితం ఒకటే అని దీన్నుంచి నేను అర్థం చేసుకున్నాను.

కాబట్టి జీతం ఎంత అనే ప్రశ్నకన్నా ముందు యజమాని తనను తాను ఇంకోటి అడుగుకోవాలి. ఈ మనిషి "సేటూ, ఇది వద్దు" అంటే నేను వింటానా? వినను అనిపిస్తే పెట్టుకోవద్దు. ఆ డబ్బుతో ఇంకో అకౌంటెంట్‌ని పెట్టుకోవడం మేలు.

"బయటివాడికి ఇంటి గుట్టంతా ఎట్ల చెప్తం?" అనే భయం కూడా నిజమైనదే, దాన్ని వెక్కిరించలేం. మన దగ్గర వ్యాపారం లెక్క, ఇంటి లెక్క ఒకే డబ్బాలో ఉంటాయి. అక్క పెళ్లి ఖర్చు, మన కాలేజీ ఫీజు, మిల్లు కరెంటు బిల్లు అన్నీ ఒకే ఖాతాలోంచి పోతాయి. అందుకే మొదటి మెట్టు మనిషిని వెతకడం కాదు, ఈ రెండు ఖాతాలు విడదీయడం. యజమాని తనకంటూ నెలకు ఇంత అని జీతంలా తీసుకోవాలి. ఇది చేశాక బయటివాళ్లకు చూపించాల్సింది వ్యాపారం లెక్కే, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది.

మరి ఏం చేయాలి?

నా దృష్టిలో వరస ఇది. ఖాతాలు విడదీశాక, రాబోయే 13 వారాలకు ఒక షీట్ వేయాలి. ప్రతి వారం ఎంత రావాలి, ఎంత పోవాలి, చివర ఎంత మిగులుతుంది. 13 వారాలంటే ఒక క్వార్టర్. ఎక్సెల్ వచ్చిన ఎవరైనా ఒక ఆదివారంలో వేయగలరు. ప్రతి సోమవారం దాన్ని సరిచేయాలి. అనుకున్నదానికి, జరిగినదానికి తేడా ఎక్కడొచ్చిందో చూస్తూ పోతే మూడు నెలల్లో వ్యాపారం గుట్టంతా తెలుస్తుంది.

ఆ షీట్ నాలుగైదు వారాల పాటు నడిచాక ఇంట్లోవాళ్లకు జవాబు తెలియని ప్రశ్నలు మిగులుతాయి. అప్పుడు పార్ట్‌టైమ్ మనిషిని పిలవాలి. లోన్‌ల చిక్కయితే రిటైరైన బ్యాంకు ఆఫీసర్ మంచిది, డ్రాయింగ్ పవర్ ఎట్లా లెక్కేస్తారో, 90 రోజులు కట్టకపోతే ఖాతా ఏమవుతుందో ఆయనకు కంఠతా వచ్చు. క్వింటాల్‌కి ఎంత పడుతోందో తేలాలంటే కాస్ట్ అకౌంటెంట్ కావాలి. ఎవరొచ్చినా మొదటి రోజే మూడు రాతపూర్వకంగా ఉండాలి: ఏ కాగితాలు చూడొచ్చు, ఎంత మొత్తం దాటితే ఆయన్ని అడగకుండా ఖర్చు పెట్టకూడదు, నెలలో ఏ రోజు యజమానితో కూర్చుంటారు. చెక్కు మీద సంతకం మాత్రం ఆయనకు ఇవ్వొద్దు. లెక్క చూసేవాళ్లు, డబ్బు కదిపేవాళ్లు వేరువేరుగా ఉండాలి.

వచ్చిన మనిషి మొదటి నెలలోనే చూడాల్సిన ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. మన యూనిట్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల లోపు డబ్బు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ అడగొచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 43బి(హెచ్) నిబంధనతో, గడువు దాటించిన కొనుగోలుదారుకు ఆ డబ్బు కట్టేదాకా ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు కూడా రాదు. సరుకు తయారుచేసి పెద్ద కంపెనీకి అమ్మే చిన్న యూనిట్ చేతిలో ఇది మంచి ఆయుధం. కానీ ఎంతమంది తమ బిల్లు మీద ఉద్యమ్ నంబరు ముద్రిస్తున్నారు? మీ ఇంటి బిల్లుబుక్కు తీసి చూడండి.

పార్ట్‌టైమ్ మనిషితో ఏడాది గడిచాక, నెలకు మూడు రోజులు సరిపోక పది రోజులు రావాల్సి వస్తుంటే, ఆయన మాట వల్ల మిగిలింది లెక్కలో కనబడుతుంటే, అప్పుడు పూర్తికాలం మనిషి గురించి ఆలోచించొచ్చు. అప్పుడు కూడా "డైరెక్టర్" అనే పేరు తొందరపడి ఇవ్వొద్దు. కంపెనీలో డైరెక్టర్ అంటే బోర్డులో కూర్చునే మనిషి, చట్టం ముందు జవాబుదారీ ఉన్న మనిషి. ఫైనాన్స్ మేనేజర్ అన్నా పని జరుగుతుంది.

స్టార్టప్ దోస్తులకు ఒక మాట. రూమ్మేట్‌కి లింక్డిన్‌లో సీఎఫ్ఓ అని పెట్టడం సరదాగానే ఉంటుంది. కానీ ఇంకా ఒక్క కస్టమర్ కూడా లేని కంపెనీకి కావాల్సింది వేరే కరెంట్ ఖాతా, ఆ 13 వారాల షీట్, వాటాల మీద అందరూ సంతకం పెట్టిన ఒక కాగితం. అంతే.

చివరగా మన గురించి. "మనోడు ఇంజనీరింగ్ చదువుతుండు, లెక్కలు వాడే చూస్తడు" అని ఇంట్లో అనేస్తారు. జీతం లేని ఫైనాన్స్ డైరెక్టర్ దొరికాడని సంబరం. చూడటానికి ఒప్పుకోండి, కానీ షరతు పెట్టండి. లాగిన్‌లు అన్నీ ఇవ్వాలి, బాకీలు దాచకూడదు, చిన్నాయిన తీసుకున్న చేబదులు కూడా షీట్‌లోకి రావాలి. సగం లెక్క చూసి సలహా చెప్పడం కన్నా నోరు మూసుకోవడం నయం. షరతులకు ఒప్పుకోకపోతే బయటి మనిషికి ఆ 30 వేలు ఇవ్వమని మీరే గట్టిగా చెప్పండి. కన్నకొడుకు "వద్దు" అంటే "నీకేం తెలుసురా" అనే నాయిన, ఫీజు కట్టి పిలిపించుకున్న మనిషి అదే మాటంటే కుర్చీ దగ్గరికి జరుపుకొని వింటాడు.

మీ ఇంటి అంకెలతో బ్రేక్-ఈవెన్ వేరే చోట తేలితే, లేదా నా లెక్కలో తప్పు దొరికితే, వచ్చే సంచికకు రాసి పంపండి. ఈ వాదన ఇక్కడితో ఆగకూడదు.